పాఠశాల మార్కులు – కళాశాల చదువు: తెలుగు స్థానంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాల చివరి పరీక్షలో వచ్చిన మార్కులు కళాశాలకు రెండు విధాలుగా ఉపయోగపడగలవు. ఎవరికి చోటు ఇవ్వాలో తేల్చడం మొదటిది. చోటు దొరికిన విద్యార్థికి ఏ స్థాయి నుంచి పాఠం మొదలుపెట్టాలో సూచించడం రెండవది. మొదటిదాన్ని ఈ వ్యాసంలో 'ఎంపిక' అనీ, రెండవదాన్ని 'స్థాననిర్ణయం' అనీ వ్యవహరిస్తున్నాను. మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన 1857 నుంచి నేటి వరకు తెలుగు ప్రాంతాల్లో ఈ మార్కులు ప్రధానంగా ఎంపికకే వినియోగమయ్యాయి. పోటీ పెరిగిన కొద్దీ వృత్తివిద్యల ఎంపిక లెక్క నుంచి భాషా పత్రాలు తొలగిపోయాయి. ఆ పరిణామాన్ని వివరించి, డిగ్రీ స్థాయి తెలుగు బోధనలో పాఠశాల మార్కులను స్థాననిర్ణయానికి వాడుకునే అవకాశాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెట్రిక్యులేషన్, ఎస్.ఎస్.ఎల్.సి., ఇంటర్మీడియట్, ఎంసెట్, వెయిటేజీ, ద్వితీయ భాష, స్థాననిర్ణయం.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ మొదటి సంవత్సరం తెలుగు తరగతిలో నేడు కనీసం మూడు రకాల విద్యార్థులు ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లోనూ తెలుగును ద్వితీయ భాషగా కొనసాగించినవారు కొందరు. ఆంగ్ల మాధ్యమంలో చదువుతూ తెలుగును ఒక పాఠ్యాంశంగా మాత్రమే నేర్చినవారు మరికొందరు. ఇంటర్మీడియట్‌లో సంస్కృతం తీసుకొని, రెండేళ్లు తెలుగు వాక్యం రాయకుండా తిరిగి తెలుగులోకి వచ్చినవారు ఇంకొందరు. ముగ్గురికీ పాఠ్యపుస్తకం ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. వారి పదవ తరగతి తెలుగు మార్కులు కళాశాల కార్యాలయంలోని దరఖాస్తుకు జతచేసిన మెమోలో ఉంటాయి. పాఠం చెప్పే అధ్యాపకుని చేతికి మాత్రం రావు.

ఇది ఒక కళాశాల అజాగ్రత్త వల్ల ఏర్పడిన స్థితి కాదు. మన విద్యావ్యవస్థలో పాఠశాల మార్కులు ద్వారం దగ్గర అడిగేవే గాని తరగతి గదిలోకి తీసుకువెళ్లేవి కావు. ఈ అలవాటుకు ఒకటిన్నర శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది.

2. మెట్రిక్యులేషన్: విశ్వవిద్యాలయమే పెట్టిన పరీక్ష

1854 నాటి వుడ్ విద్యాపత్రం సూచనల మేరకు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. వీటికి లండన్ విశ్వవిద్యాలయం నమూనా. తొలి దశలో ఇవి ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలు. బోధన అనుబంధ కళాశాలల పని. ఉన్నత పాఠశాల చదువు ముగింపును ధ్రువీకరించే అధికారం కూడా పాఠశాలకు గాక విశ్వవిద్యాలయానికే దక్కింది. మెట్రిక్యులేషన్ అనే పేరులోనే ఆ సంగతి ఉంది: అది విశ్వవిద్యాలయ పట్టికలో పేరు నమోదు కావడం. పాఠశాల ఏం నేర్పాలన్నది కళాశాల ఏం అడుగుతుందన్నదానిమీద ఆధారపడింది. 1882 నాటి హంటర్ కమిషన్ ఈ లోపాన్ని గుర్తించి, ఉన్నత పాఠశాలలో విశ్వవిద్యాలయ ప్రవేశానికి దారితీసే శాఖతోపాటు జీవనోపాధికి పనికివచ్చే మరో శాఖ కూడా ఉండాలని సిఫారసు చేసింది. ఉద్యోగాలకు మెట్రిక్యులేషనే కొలబద్ద అయిన ఆ కాలంలో రెండవ శాఖ బలపడలేదు.

ఈ విధానం పరిమితిని చూపడానికి శ్రీనివాస రామానుజన్ విద్యాచరిత్ర చాలు. 1903లో మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణుడై, ఉపకారవేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరిన ఆయన గణితం తప్ప ఇతర విషయాల్లో నిలవలేక ఆ వేతనాన్ని పోగొట్టుకున్నాడు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయాడు. 1913లో అదే మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం మంజూరు చేసింది. మధ్యలో గడిచిన సంవత్సరాల్లో విశ్వవిద్యాలయం దగ్గర ఆయన గణిత ప్రతిభకు సంబంధించిన సమాచారం లేకపోలేదు. ఆ సమాచారాన్ని 'ఉత్తీర్ణత', 'అనుత్తీర్ణత' అన్న రెండు గళ్లలోనే చూడడం అలవాటైంది. అన్ని విషయాలనూ లెక్కలో చేర్చినంత మాత్రాన కొలత న్యాయమైనది కాదన్న హెచ్చరిక ఈ ఉదాహరణలో ఉంది. భాషా పత్రాలకు లెక్కలో చోటు కావాలని వాదించేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయమిది.

3. ఎస్.ఎస్.ఎల్.సి., వ్యాసరచన వివాదం

1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం తరువాత జరిగిన సంస్కరణల్లో మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషన్ స్థానాన్ని సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ ఆక్రమించింది. పేరులోని మార్పు చిన్నది కాదు. విశ్వవిద్యాలయంలో 'చేరే' పరీక్ష స్థానంలో పాఠశాల 'విడిచే' పత్రం వచ్చింది. విద్యార్థి పాఠశాలలో చూపిన ప్రగతిని, బహిరంగ పరీక్ష మార్కులను ఒకేచోట నమోదు చేయడం ఆ పత్రం విశేషం. స్థాననిర్ణయానికి పనికివచ్చే సాధనం మన ప్రాంతంలో తొలిసారిగా రూపుదిద్దుకున్నది అప్పుడే. అయితే కళాశాల చదువుకు అర్హులెవరన్న ప్రశ్న వేరుగా నిలిచే ఉంది. కళాశాలలు ఆ పత్రంలో చూసింది కూడా చివరికి ఆ అర్హతనే.

ఇదే దశలో దేశభాషా వ్యాసరచన పరీక్షాంశంగా ప్రాముఖ్యం పొందింది. మార్కులు వేయవలసి వచ్చేసరికి ఏ తెలుగుకు మార్కులు వేయాలన్న ప్రశ్న తలెత్తింది. గిడుగు వెంకట రామమూర్తి, గురజాడ అప్పారావు ఒకవైపు, జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు మరొకవైపు నిలిచి చేసిన వాదోపవాదాలు సాహిత్య విద్యార్థులకు సుపరిచితాలు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రాన్ని మనం సాధారణంగా వ్యావహారిక భాషోద్యమ పత్రంగా చదువుతాం. విద్యాచరిత్ర కోణంలో చూస్తే అది పరీక్షా విధానానికి సంబంధించిన పత్రం కూడా. విద్యార్థి రాసే ఏ వాక్యం ఒప్పు, ఏది తప్పు అన్న నిర్ణయం అతని కళాశాల భవిష్యత్తును నిర్ణయించే స్థితిలో ఆ వాదం పుట్టింది. విశ్వవిద్యాలయం అప్పటికి గ్రాంథికం వైపే మొగ్గింది. ఏ తెలుగు గెలిచిందన్నది అటుంచితే, తెలుగు పత్రం లెక్కలో ఉంది గనుకనే అంతటి వాదం జరిగింది. లెక్కలో లేని విషయం గురించి ఎవరూ అసమ్మతి పత్రాలు రాయరు.

4. కమిషన్ల కాలం

1917–19 నాటి కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్, అంటే శాడ్లర్ కమిషన్, పాఠశాలకూ విశ్వవిద్యాలయానికీ మధ్య గీత ఇంటర్మీడియట్ దగ్గర గీయాలని, ఆ స్థాయిని ప్రత్యేక బోర్డుల కింద ఉంచాలని సూచించింది. స్వాతంత్ర్యానంతరం రాధాకృష్ణన్ కమిషన్ (1948–49) పన్నెండేళ్ల చదువు తరువాతే విశ్వవిద్యాలయ ప్రవేశం ఉండాలన్నది. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా కమిషన్ (1952–53) బాహ్య పరీక్షల సంఖ్య తగ్గించాలని, విద్యార్థి సంచిత ప్రగతి పత్రానికి, పాఠశాల అంతర్గత పరీక్షలకు తుది మూల్యాంకనంలో విలువ ఉండాలని సిఫారసు చేసింది. ఎస్.ఎస్.ఎల్.సి. పత్రంలో మొలకెత్తిన ఆలోచనే ఇక్కడ స్పష్టరూపం పొందింది. మొదలియార్ నివేదిక తరువాత ఇంటర్మీడియట్ పోయి ప్రీ యూనివర్సిటీ కోర్సు వచ్చింది. కొఠారి కమిషన్ (1964–66) కాలానికి 10+2+3 విధానం వైపు దేశం మళ్లింది. నిర్మాణం మారినప్పుడల్లా గీత ఎక్కడ గీయాలన్నదే ప్రధాన చర్చ అయింది. గీత దాటిన విద్యార్థి గురించి పాఠశాలకు తెలిసిన సంగతులు కళాశాలకు ఎలా చేరాలన్నది నివేదికల్లోనే మిగిలింది.

5. 1971: ఒకే ఏడాది రెండు పరిణామాలు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేనాటికి తెలుగు ప్రాంతాలు భిన్న విద్యాసంప్రదాయాల వారసత్వంతో ఉన్నాయి. మద్రాసు సంప్రదాయం నుంచి వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం (1926), ఉర్దూ బోధనా భాషగా 1918లో స్థాపితమైన ఉస్మానియా, 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. పి.యు.సి. వంటి అర్హత పరీక్షలు వేర్వేరు సంస్థలు జరిపేవి. ఒక విశ్వవిద్యాలయం వేసిన 70 మార్కులు, మరొకటి వేసిన 70 మార్కులు సమానమా అన్న ప్రశ్న వైద్య కళాశాలల దగ్గర తీవ్రమైంది. ప్రభుత్వం వైద్య కళాశాలల ప్రవేశానికి ప్రత్యేక పరీక్ష పెట్టింది. వివాదం న్యాయస్థానాలకు చేరింది. 1971లో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించింది. విశ్వవిద్యాలయం నిర్దేశించేది కనీస అర్హత మాత్రమేననీ, సీట్లకన్నా అర్హులు ఎక్కువగా ఉన్నప్పుడు వారిలోంచి ఎంచుకునే పద్ధతిని కళాశాలలు నడిపే ప్రభుత్వం నిర్ణయించవచ్చుననీ ఆ తీర్పు సారాంశం.

అదే 1971లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడింది. రాష్ట్రమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే ప్రశ్నపత్రం, ఒకే కొలత వచ్చాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ స్థాయికి తెలుగులో పాఠ్యపుస్తకాలు సమకూర్చింది. కొలతల్లోని తేడా ప్రవేశపరీక్షకు ఒక ముఖ్యమైన సమర్థన అయితే, ఆ తేడా చాలావరకు తొలగడానికి మార్గం కూడా అప్పుడే ఏర్పడిందన్నమాట. అయినా ప్రవేశపరీక్ష వెనక్కి తగ్గలేదు. 1983 నాటి రాష్ట్ర చట్టం క్యాపిటేషన్ రుసుమును నిషేధించడంతోపాటు వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల ప్రవేశాలను ఉమ్మడి ప్రవేశపరీక్ష ర్యాంకుకు ముడిపెట్టింది. ఎంసెట్‌కు పునాది అదే. డబ్బుతో సీట్లు కొనుక్కునే పద్ధతికి అడ్డుకట్ట వేయడం ఆ చట్టం లక్ష్యం. ఆ లక్ష్యం న్యాయమైనదే. ర్యాంకు తప్ప మరేదీ అడగని పద్ధతి సామాన్య కుటుంబాల పిల్లలకు ధైర్యాన్నిచ్చింది. ఆ ధైర్యానికి చెల్లించిన మూల్యం వేరేచోట కనిపిస్తుంది.

6. వెయ్యిలో నాలుగు వందలు

ఇంటర్మీడియట్‌లో చాలాకాలం అమలులో ఉన్న విధానం ప్రకారం గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల విద్యార్థికి రెండేళ్లలో మొత్తం 1000 మార్కులు. వాటిలో గ్రూపు విషయాలకు 600, ఆంగ్లానికి 200, ద్వితీయ భాషకు 200. ఎంసెట్ ఇంజనీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలు: గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. భాషలకు ఒక్కటీ లేదు.

తరువాతి కాలంలో ఇంటర్మీడియట్ చదువు నిర్లక్ష్యానికి గురవుతోందన్న ఆందోళనతో ర్యాంకు నిర్ణయంలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చారు. పాఠశాల, కళాశాల మార్కులకు పోయిన గౌరవం కొంత తిరిగి వచ్చినట్లు కనిపించింది. అయితే ఆ 25 శాతం గ్రూపు విషయాల 600 మార్కులనుంచే లెక్కించారు. వెయ్యిలో 400 మార్కులు, అంటే ఐదింట రెండు వంతులు, ఇంటర్ మార్కులను గౌరవించే సూత్రంలోనే గౌరవానికి నోచుకోలేదు.

దీని ఫలితం అధ్యాపకులందరికీ తెలిసినదే. ర్యాంకుకు పనికిరాని పత్రం మీద వెచ్చించే సమయం తగ్గింది. అయితే మొత్తం మార్కులు ప్రకటనల్లో కనిపిస్తాయి గనుక, తక్కువ సమయంలో ఎక్కువ మార్కులు తెచ్చే ద్వితీయ భాష కావలసివచ్చింది. అనేక జూనియర్ కళాశాలల్లో తెలుగు స్థానంలోకి సంస్కృతం వచ్చింది ఈ లెక్కతోనే. సంస్కృతం మీద ప్రేమ పెరిగి వచ్చిన మార్పు కాదిది. సంస్కృతానికి కూడా ఇందులో మేలు జరగలేదు. రెండు భాషలూ మార్కుల పట్టికలో గళ్లుగా మిగిలాయి. తెలంగాణ 2018లో చట్టం చేసి పదవ తరగతి వరకు తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. ఇంటర్మీడియట్‌లో తెలుగు కొనసాగడం మాత్రం విద్యార్థి ఎంపిక మీద, చాలాచోట్ల కళాశాల ఎంపిక మీద ఆధారపడి ఉంది.

వెయిటేజీ చరిత్ర కూడా స్థిరంగా సాగలేదు. జాతీయస్థాయిలో జె.ఇ.ఇ. మెయిన్ 2013 నుంచి 2016 వరకు పన్నెండవ తరగతి మార్కులకు 40 శాతం విలువనిచ్చి, వివిధ బోర్డుల మార్కులను పర్సంటైల్ పద్ధతిలో సమం చేసే ప్రయత్నం చేసింది. 2017 నుంచి ఆ విలువను తొలగించారు. కోవిడ్ కారణంగా 2021లో ద్వితీయ సంవత్సరం పరీక్షలు రద్దయినప్పుడు ఆంధ్రప్రదేశ్ పదవ తరగతికి 30 శాతం, ఇంటర్ మొదటి సంవత్సరానికి 70 శాతం విలువనిచ్చి ఫలితాలు కట్టింది. తెలంగాణ మొదటి సంవత్సరం మార్కులను ఆధారం చేసుకుంది. అప్పుడు ఆగిన వెయిటేజీని 2023లో తెలంగాణ శాశ్వతంగా తొలగించగా, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ పునరుద్ధరించింది. ఒకే విధానం నుంచి విడివడిన రెండు రాష్ట్రాలు ఒకే ఏడాది భిన్న దిశల్లో నడిచాయి. ఆ చర్చల్లో మార్కుల నమ్మకం గురించి, పోటీలో సమానత్వం గురించి మాటలు వినిపించాయి. లెక్కలో చేరని 400 మార్కుల ప్రసక్తికి వాటిలో ప్రాధాన్యం దక్కలేదు.

7. భిన్నమైన ఒక ప్రయోగం

ఈ ధోరణికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మన ప్రాంతంలోనే ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాల్లో ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ చదువును ప్రారంభించింది. ప్రవేశానికి ఆధారం పదవ తరగతి ఫలితం. గ్రేడింగ్ వచ్చాక ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, పురపాలక పాఠశాలల విద్యార్థుల సగటుకు 0.4 పాయింట్లు వెనుకబాటు పరిహారంగా కలిపే పద్ధతి అమలైంది. పదవ తరగతి పరీక్షలు జరగని కోవిడ్ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రాంగణాలు ప్రవేశపరీక్షను ఆశ్రయించి, తరువాత తిరిగి పదవ తరగతి మార్కులకే వచ్చాయి.

ఇందులో రెండు విశేషాలున్నాయి. పదవ తరగతి మొత్తం 600 మార్కుల్లో ప్రథమ భాషకు 100 ఉన్నాయి. అంటే ఇంజనీరు కావాలనుకునే గ్రామీణ విద్యార్థికి తెలుగు పత్రం ఆరవ వంతు విలువ కలిగి ఉంది. రెండవది, మార్కు వెనుక ఉన్న పాఠశాల పరిస్థితిని కూడా ఈ విధానం చదివింది. ఒకే గ్రేడు రెండు చోట్ల ఒకే శ్రమకు గుర్తు కాదని అంగీకరించింది. ఇదీ ఎంపికే. అయినా మార్కును అంకెగా గాక సమాచారంగా చూసిన ఎంపిక.

8. స్థాననిర్ణయం: కాలిఫోర్నియా అనుభవం

స్థాననిర్ణయమనే రెండవ ప్రయోజనానికి మన దగ్గర చెప్పుకోదగిన చరిత్ర లేదు గనుక, దాన్ని పెద్దయెత్తున ఆచరించిన చోటును చూడవలసి ఉంటుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ కళాశాలలో చేరిన విద్యార్థులకు ఆంగ్లం, గణితంలో స్థాయి పరీక్షలు పెట్టి, తక్కువ వచ్చినవారిని పూరక తరగతులకు పంపేది. ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పదకొండవ తరగతి రాష్ట్ర పరీక్షనే ఇందుకు వాడుకునే విధానం వచ్చింది. విద్యార్థి కళాశాల పాఠానికి సిద్ధంగా ఉన్నాడో లేదో ఏడాది ముందే తెలిస్తే, పన్నెండవ తరగతిలోనే లోటు పూడ్చుకోవచ్చునన్నది దాని ఆలోచన.

కొలంబియా విశ్వవిద్యాలయంలోని కమ్యూనిటీ కళాశాలల పరిశోధన కేంద్రం 2012లో ప్రచురించిన అధ్యయనాలు ఒక్కరోజు స్థాయి పరీక్షలు గణనీయమైన సంఖ్యలో విద్యార్థులను తప్పు తరగతుల్లో వేస్తున్నాయనీ, ఉన్నత పాఠశాల సగటు గ్రేడు అంతకన్నా నమ్మదగిన సూచిక అనీ తేల్చాయి. 2017లో కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయం తన స్థాయి పరీక్షలను రద్దు చేసింది. అదే ఏడాది వచ్చిన రాష్ట్ర చట్టం కమ్యూనిటీ కళాశాలలు పాఠశాల చదువునూ గ్రేడ్లనూ ఆధారం చేసుకోవాలని ఆదేశించింది.

ఆ అనుభవం నుంచి మనకు రెండు పాఠాలున్నాయి. నాలుగేళ్ల పాఠశాల చదువు చెప్పేది ఒక్కరోజు పరీక్ష చెప్పేదానికన్నా ఎక్కువ. అలాగే, తక్కువ స్థాయి తరగతి అని వేరుచేసి కూర్చోబెట్టిన విద్యార్థి తరచుగా అక్కడే ఆగిపోతాడు. స్థాననిర్ణయం సహాయంగా ఉండాలి గాని ముద్ర కాకూడదు.

9. డిగ్రీ తెలుగు తరగతికి అన్వయం

తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారానూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారానూ డిగ్రీ సీట్లు ఇంటర్మీడియట్ మార్కుల ఆధారంగా కేటాయిస్తున్నారు. సీటు కేటాయించడంతో ఆ మార్కుల పని ముగుస్తోంది. విద్యార్థి పదవ తరగతి తెలుగు ఫలితం, ఇంటర్మీడియట్ ద్వితీయ భాష, అందులోని మార్కులు అనే మూడు అంశాలతో ఒక పట్టికను కళాశాల కార్యాలయం నుంచి తెలుగు శాఖకు అందజేయడానికి కొత్త పరీక్ష గాని, కొత్త ఖర్చు గాని అవసరం లేదు.

ఆ పట్టిక ఎవరినీ వేరే గదిలోకి పంపడానికి కాదు. పద్యపాఠానికి ముందు సంధి, సమాసాల పునశ్చరణ ఎందరికి అవసరమో, వ్యాసరచన అభ్యాసం ఏ స్థాయి నుంచి మొదలుకావాలో, సంస్కృతం చదివి వచ్చినవారి తత్సమ పరిచయాన్ని పాఠంలో ఎలా వాడుకోవచ్చో అధ్యాపకుడు నిర్ణయించుకోవడానికి అది ఆధారం. గ్రేడు ఎప్పుడూ పూర్తి నిజం చెప్పదు గనుక మొదటి వారంలో ఒక పుట సొంత రచన చేయించి, పట్టికతో పోల్చి చూడడం అవసరం. రామానుజన్ విషయంలో జరిగినట్లు ఒక గడి మొత్తం మనిషిని కప్పివేయకుండా ఉండాలంటే ఒకటికి మించిన ఆధారాలు పక్కపక్కన ఉండాలి.

10. ముగింపు

1857 నుంచి చూస్తే పాఠశాల మార్కుల మీద మనకు విశ్వాసం తగ్గినప్పుడల్లా వాటి పక్కన మరో పరీక్షను నిలబెట్టాం. విశ్వాసం కొంత తిరిగివచ్చినప్పుడు వాటికి కొంత శాతం ఇచ్చాం. రెండు సందర్భాల్లోనూ ప్రశ్న ఒక్కటే: ఎవరు లోపలికి రావాలి? వచ్చినవారికి ఏం కావాలన్న ప్రశ్న ఎస్.ఎస్.ఎల్.సి. పత్రంలో, మొదలియార్ నివేదికలో తలెత్తి, ఆచరణలో అణగిపోయింది. గురజాడ కాలంలో తెలుగు పత్రం లెక్కలో ఉండడం వల్ల ఏ తెలుగు అన్న వివాదం వచ్చింది. నేడు వృత్తివిద్యల లెక్కలో తెలుగు లేకపోవడం వల్ల వివాదం కూడా లేదు. ఆ మౌనం ఆమోదంగా మారకముందే వెయిటేజీ సూత్రంలో భాషా పత్రాల స్థానాన్ని విద్యామండళ్లు, ఉన్నత విద్యామండళ్లు పునఃపరిశీలించవలసి ఉంది. ఆ నిర్ణయం ప్రభుత్వాల చేతిలోనిది. మెమోలోని తెలుగు మార్కును కార్యాలయం బీరువా నుంచి తరగతి గదికి తెచ్చుకోవడం మాత్రం తెలుగు శాఖల చేతిలోనే ఉంది.